ఏడు మెలికల సీలు

రేసు కార్లవాళ్ళందరూ దొంగలేనని సీలు బాబాయికి గట్టి నమ్మకం. కొందరు దొరికిన దొంగలు, కొందరు ఇంకా దొరకనివాళ్ళు, అంతే తేడా. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ ట్రాక్ దగ్గర తనిఖీ చేసిన మనిషి, ఊరికే అంటాడా? కారు ఇంత బరువుకి తగ్గకూడదని రూలు పెడితే, తూకానికి ముందు బూట్లలో సీసం గుళ్ళు పోసుకుని కుంటుకుంటూ వచ్చిన డ్రైవర్ని చూశాడాయన. ట్యాంకులో ఇన్ని లీటర్లే ఉండాలంటే, పెట్రోలు పైపుని చుట్టలు చుట్టి సీటు కింద దాచి, అందులో ఇంకో నాలుగు లీటర్లు నింపినవాణ్ణి చూశాడు. "పైపు ఎంత పొడుగుండాలో రూల్లో రాయలేదు కదండీ!" అని వాడి వాదన. పెట్రోల్ని ఐసు పెట్టెలో పెట్టి చల్లారిస్తే అదే ట్యాంకులో ఇంకాస్త పడుతుందని కనిపెట్టిన ఓనరు ఒకాయన ఉన్నాడు. ఆ రోజునుంచీ ఆయన పేరు ఐసాయన. తాడిని తన్నేవాడొకడుంటే వాడి తలదన్నేవాడు ఇంకొకడుంటాడంటారు. అక్కడ ఆ తలదన్నేవాడు మన బాబాయే.

ఆయన అసలు పని ఇంజన్లకి సీలు వెయ్యడం. రేసుల సీజను మొదట్లో ప్రతి ఇంజన్నీ విప్పి, కొలిచి, రూలు ప్రకారం ఉందని తేల్చుకుని మూసేస్తారు. తర్వాత ఎవరూ దొంగచాటుగా విప్పకుండా, రెండు బోల్టుల తలలకున్న కన్నాల్లోంచి సన్నటి తీగ దూర్చి, మెలిపెట్టి, కొసలకి సీసపు బిళ్ళ ఎక్కించి ప్లయర్‌తో నొక్కుతారు. ఆ ప్లయర్ నొక్కితే బిళ్ళ మీద పదిహేడు అంకె పడుతుంది. పదిహేడంటే బాబాయి. అసలు అంకె కూడా చూడక్కర్లేదు. ఆయనది ఎడమచేతి వాటం. అందరి తీగా ఒకవైపు తిరిగి ఉంటే ఆయనది రెండోవైపు తిరిగి ఉండేది. సరిగ్గా ఏడు మెలికలు, ఆరూ కాదు, ఎనిమిదీ కాదు. మెకానిక్కుల వేళ్ళకి గుచ్చుకోకుండా కొస లోపలికి మడిచి ఉండేది. పది గజాల దూరంనుంచే "అదిగో, బాబాయి చెయ్యి" అనేవాళ్ళు.

రేసు అయిపోయాక మొదటి మూడు కార్ల ఇంజన్లనీ మళ్ళీ విప్పి చూస్తారు. విప్పే ముందు అక్కడొక పద్ధతుంది. సీలు వేసినవాడే వచ్చి, తీగ చేత్తో పట్టుకుని, అందరికీ వినపడేలా "ఈ సీలు నాది" అనాలి. ఆ మాటన్నాకే కత్తిరించాలి. కాగితాలూ సంతకాలూ ఆ తర్వాత సంగతి. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ మాట అన్నాడు బాబాయి, ఒక్కసారి కూడా గొంతు తడబడలేదు.

ఇక కూతురి సంగతి. ఒక్కతే కూతురు, ఇంట్లో బుల్లి అంటారు. ఆరేడేళ్ళప్పుడు వంటింటి బల్ల మీద తండ్రి పక్కన కూర్చుని, పాత బోల్టులకి తీగలు మెలిపెట్టేది. పిల్లది కుడిచేతి వాటం. అయినా తీగ దగ్గరకొచ్చేసరికి నాన్నలాగే ఎడమచేత్తో తిప్పేది. "ఏడు లెక్కపెట్టావా?" అనేవాడు ఈయన. "పెట్టాను, కొస కూడా మడిచాను, చూడు!" అనేది. బొమ్మలు కొనిపెట్టాల్సిన వయసులో పిల్లకి ఇనప ముక్కలు ఇస్తారేమిటండీ అని ఇల్లాలు నెత్తీ నోరూ కొట్టుకునేది. ఎవరు విన్నారు? ఆ పిల్ల పెరిగి పెద్దదై మెకానిక్కే అయింది. ట్రాక్‌లోకి రానిచ్చే కార్డు మెళ్ళో వేసుకుని వచ్చిన మొదటిరోజు, బాబాయి షెడ్డు మధ్యలో నిలబడి అందరి ముందూ చెప్పాడు. "ఇవాళ్టినుంచి ఈ గేటు లోపల ఈ అమ్మాయి నాకేమీ కాదు. నన్ను సార్ అనే పిలుస్తుంది. వేలెడంత తప్పు చేసినా అందరికంటే ముందు నేనే రాస్తాను." జనం చప్పట్లు కొట్టారు. బుల్లి కూడా కొట్టింది. ఆ మాట ఎంత బాగా అన్నానో అని ఈయన చాలా ఏళ్ళు మురిసిపోయాడు. ఎంత పొగరండీ మనిషికి!

అసలు కథ ఈ సీజను మొదట్లో మొదలైంది. అందరి ఇంజన్లకీ సీళ్ళు వెయ్యడం ఒకరోజులో అయిపోయింది, ఐసాయన ఇంజన్ తప్ప. ఆయన ఏనాడు టైముకి తెచ్చాడు గనక, మర్నాడు తెస్తానన్నాడు. ఆ సాయంత్రం ఇంట్లో కిటికీ అద్దం బిగిస్తూ బాబాయి ఎడమ బొటనవేలు కోసుకున్నాడు. నాలుగు కుట్లు పడ్డాయి. "బుల్లికి ఫోన్ చేస్తానండీ" అంది ఇల్లాలు. "చెప్పావంటే ఊరుకోను. ఇక చాలు నాన్నా, మానెయ్ మానెయ్ అని అది ఇప్పటికే నా ప్రాణం తీస్తోంది. కంగారుపడి పరిగెత్తుకొస్తుంది కూడాను" అన్నాడు. మర్నాడు కట్టు మీద చేతితొడుగు వేసుకుని వెళ్ళి, ఐసాయన ఇంజన్‌కి కుడిచేత్తో సీలు వేశాడు. అదెలా ఉందంటే, పలక పట్టిన మొదటిరోజు పిల్లాడి రాతలా ఉంది. ఐదు వంకర మెలికలు, అదీ మామూలు మనుషులు తిప్పే వైపుకి, కొస బయటికి పొడుచుకొచ్చి. ఎవరికీ చెప్పలేదు. తర్వాత రెండు రేసుల్లో తనిఖీకి ఆ కారు వచ్చినప్పుడల్లా సిగ్గుపడి గబగబా సంతకం పెట్టి పంపేసేవాడు. ఆ రెండు రేసులయ్యాక, నెల క్రితం, ఐసాయన పాత మెకానిక్కు మానేశాడు. ఆ చోటులో బుల్లి చేరింది.

ఇది మూడో రేసు. శనివారం పొద్దున్నే తనిఖీ. ఐసాయన కారు వచ్చింది. బుల్లి బానెట్ ఎత్తి, ఓ పక్కగా నిలబడి, "గుడ్ మార్నింగ్ సార్" అంది. బాబాయి టార్చి వేసి వంగాడు.

ఏడు మెలికలు. ఎడమచేతివి. కొస లోపలికి మడిచి ఉంది. బిళ్ళ మీద పదిహేడు.

ఇంత చక్కటి సీలు ఆయన ఈ మధ్య పదేళ్ళలో వెయ్యలేదు. అచ్చం ఆయన చెయ్యే. తను వేసిన వంకర సీలు ఏది? ఎవరో కోసేశారు. కోసి, ఇది వేశారు. పదిహేడు నంబరు పడాలంటే తన ఇంట్లో బీరువాలో ఉన్న ప్లయర్ కావాలి. ఈ మెలిక పడాలంటే తన పక్కన బల్ల మీద కూర్చుని నేర్చుకున్న చెయ్యి కావాలి. అలాంటి చెయ్యి లోకంలో ఒకటే ఉంది. అది ఇప్పుడు రెండడుగుల దూరంలో నూనె గుడ్డ పట్టుకుని నిలబడి ఉంది.

"ఏంటి బాబాయ్ గారూ, మీ సీలుని మీరే అంతసేపు చూసుకుంటున్నారు? ముద్దొచ్చిందా?" అన్నాడు పెద్ద ఇన్‌స్పెక్టరు. వయసులో చిన్నవాడు, సరదా మనిషి. "మనం బయటి దొంగల్ని ఎంతమందిని పట్టినా, ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మీ చెయ్యి మీరే చెక్ చేసుకోవడం మంచిదే లెండి!" అని పకపకా నవ్వాడు. మామూలు హాస్యమే. బాబాయి టార్చి ఆర్పాడు. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకున్నాడు. చెబితే బుల్లి కార్డు లాగేసుకుంటారు. సీలు కోసినవాళ్ళకి మళ్ళీ జన్మలో ఏ ట్రాక్ గేటూ తెరుచుకోదు. ఆ రూలు రాయించిందే ఈయన. పదిహేనేళ్ళు కష్టపడి, మగాళ్ళ వెక్కిరింతలు భరించి సంపాదించుకున్న కార్డు అది.

సంతకం పెట్టాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటి దొంగ సంతకం.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి మనిషి మనిషిలా లేడు. ఇల్లాలు టీ ఇస్తూ, "గురువారం మీరు ఆఫీసుకెళ్ళినప్పుడు బుల్లి వచ్చి వెళ్ళిందండీ. చెప్పడం మర్చిపోయా. గంటైనా కూర్చోలేదు. పాత సర్టిఫికెట్ ఏదో కావాలని బీరువా తాళం అడిగి తీసుకెళ్ళింది, మధ్యాహ్నం మళ్ళీ తెచ్చి పెట్టేసింది" అంది. ఆయన లేచి బీరువా తెరిచాడు. ప్లయర్ గుడ్డలో చుట్టి ఎప్పటిలాగే ఉంది. దవడల మధ్య మాత్రం కొత్త సీసం పొడి మెరుస్తోంది. వాడాక ఆయన ఎప్పుడూ తుడిచి పెడతాడు.

"ముఖం అలా ఉందేంటి?"

"ఏం లేదు."

"మీరు ఏం లేదంటే ఏదో కొంప మునిగిందనే. ముప్పై అయిదేళ్ళ పైగా చూస్తున్నా!"

ఏమని చెబుతాడు? పెదవి దాటితే పృథివి దాటుతుంది. అదీగాక, చెబితే ఆవిడ అడిగే మొదటి మాటేంటో ఆయనకి తెలుసు. 'అయితే ఏం చేస్తారు, కన్నకూతుర్ని పట్టిస్తారా?' ఇంజన్లో ఏం మార్చారో, వాల్వులా, పిస్టన్లా, ఏం చేశారో అనుకుంటూ అన్నం కలిపి కంచం ముందు అలాగే కూర్చుండిపోయాడు. ఐసాయన మాయలోడు, సరే. వాడి మాట విని బుల్లి ఇంత పనికి ఒప్పుకుందంటే ఆయనకి మింగుడు పడలేదు.

ఆదివారం పొద్దున షెడ్ల మధ్యనుంచి నడుస్తూ ఆ కారు దగ్గర ఆగాడు. తనిఖీవాళ్ళు మెకానిక్కులతో విడిగా మాట్లాడకూడదు, అదీ రూలే. నలుగురూ చూస్తుండగానే అడిగాడు. "ఇంజన్ ఎలా ఉందమ్మా?"

బుల్లి తలెత్తలేదు. "బాగుంది సార్. నిన్న మీరు చూశారుగా."

ఆ 'చూశారుగా' అన్న మాట పట్టుకుని ఆయన మనసు గింజుకుంది. చూసి వదిలేశారుగా అనా? థాంక్స్ అనా? ఒక్క చూపు చూస్తే తెలిసేది. చూడలేదు ఆ పిల్ల.

రేసు ముప్పై రౌండ్లు. ఇప్పుడు బాబాయికి మిగిలింది ఒకే ఆశ. మొదటి మూడు కార్లనే విప్పుతారు. ఐసాయన కారు నాలుగో స్థానంలో వస్తే చాలు, ఎవరూ ముట్టుకోరు, ఆ మాట అనే పని ఉండదు. సీజను మిగతా రేసుల సంగతి తర్వాత చూసుకోవచ్చు. చూశారా ఖర్మ! కన్నకూతురు రాత్రింబవళ్ళు బాగుచేసిన కారు ఓడిపోవాలని గోడ పక్కన నిలబడి దణ్ణం పెట్టుకుంటున్నాడు తండ్రి. అదృష్టం కొద్దీ కారు నాలుగులోనే ఉంది. పది రౌండ్లు, నాలుగు. ఇరవై రౌండ్లు, నాలుగే. ఒకసారి మూడోవాడి తోక దాకా వెళ్ళింది. మళ్ళీ వెనకబడింది. హమ్మయ్య. ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది. ముళ్ళ మీద కూర్చోవడం అంటారే, ఈయన ముళ్ళ మీద నిలబడ్డాడు. ఆఖరి రౌండులో, చివరి మలుపుకి ముందు, రెండో కారు టైరు ఢామ్మని పేలింది. ఆ కారు గడ్డిలోకి పోయింది. ఐసాయన కారు మూడోదిగా గీత దాటింది.

ఐసాయన షెడ్డంతా ఎగిరి గంతులేసింది. బుల్లి మాత్రం గెంతలేదు. బాబాయి దూరంనుంచి చూశాడు, మొహం పాలిపోయి ఉంది.

తనిఖీ షెడ్డులో మూడు కార్లూ వరసగా నిలబెట్టారు. పెద్ద ఇన్‌స్పెక్టరు, ఇంకో ఇద్దరు, ఓనర్లు, మెకానిక్కులు, అందరూ చుట్టూ చేరారు. మొదటి కారు. తీగ పట్టుకుని, "ఈ సీలు నాది" అన్నాడు, కత్తిరించాడు. రెండో కారు. "ఈ సీలు నాది." ఆగి నీళ్ళు తాగాడు. మూడో కారు దగ్గరికి వచ్చి తీగ పట్టుకున్నాడు. ఎదురుగా బుల్లి. అబద్ధం చెప్పడానికి రెండు క్షణాలు చాలు. లోపల ఏదైనా దొరికితే దొరుకుతుంది, లేకపోతే లేదు, తన మాట మీద ఎవరికీ అనుమానం రాదు. ముప్పై ఒక్క ఏళ్ళు నిజం చెప్పినవాడి అబద్ధానికి ఎంత విలువో ఆయనకి తెలుసు. నోరు తెరిచాడు. చెప్పబోయాడు కూడా. నిజం, 'ఈ సీలు' వరకూ అనేశాడు.

"ఈ సీలు... నాది కాదు."

ముందుగా ఐసాయన అరిచాడు. "నేను ముట్టుకోలేదు! నా పిల్లల మీద ఒట్టు! ఈ ఒక్కసారీ నేనేం చెయ్యలేదండీ!"

"అదేంటి బాబాయ్ గారూ?" పెద్ద ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు. "పదిహేడు ఉంది. ఏడు మెలికలున్నాయి. ఎడమచేతివే."

"అందుకే నాది కాదు." చేతితొడుగు లాగి, బొటనవేలు చూపించాడు. ఎర్రటి మచ్చ గోరు పక్కనుంచి అరచేతి దాకా ఉంది. "ఈ ఇంజన్‌కి సీలు వేసిన రోజు నా వేలికి కుట్లున్నాయి. కుడిచేత్తో వంకరగా వేశాను. నిన్ననే చూశాను ఇది మారిందని. చూసి కూడా సంతకం పెట్టాను, అది కూడా రాయండి. ప్లయర్ నాదే. చెయ్యి నాది కాదు."

బుల్లి ఎవరినీ చూడటం లేదు. ఆ వేలి వంకే చూస్తోంది, కళ్ళు ఇంతింత చేసుకుని. ఆ తర్వాత నూనె గుడ్డ కింద పెట్టి ముందుకొచ్చింది. "ఆ తీగ నేనే వేశాను సార్."

ఇంజన్ విప్పారు. గంటసేపు కొలిచారు. వాల్వులు రూలు ప్రకారమే ఉన్నాయి. పిస్టన్లూ అంతే. లోపలి బోల్టుల మీద సీజను మొదట్లో పూసిన పసుప్పచ్చ రంగు గీతలు వెంట్రుకవాసి చెదరలేదు. ఆ ఇంజన్ని అసలు ఎవరూ విప్పనే లేదు. పెద్ద ఇన్‌స్పెక్టరుకి తల తిరిగిపోయింది. "ఇంజన్ ముట్టుకోకుండా ఉత్త సీలు మార్చడమేంటమ్మా? ఎవరైనా చేస్తారా?" అని అడిగాడు. "నా తప్పే సార్" అని ఊరుకుంది బుల్లి. ఏం చేసినా, చెయ్యకపోయినా, కోసిన సీలు కోసిన సీలే. కారుని లెక్కలోంచి తీసేశారు. బుల్లి మెళ్ళోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టింది. దాని పక్కనే బాబాయి తన ప్లయర్ పెట్టాడు, ఎవరూ అడగకముందే.

బయట కుళాయి దగ్గర చప్టా మీద ఇద్దరూ కూర్చున్నారు. జనం అప్పటికే ఇళ్ళకి వెళ్ళిపోతున్నారు.

"ఎందుకు చేశావమ్మా?"

"కొత్తగా చేరాక ఇంజన్ చూశాను. నీ నంబరు బిళ్ళ ఉంది గానీ తీగ వంకరగా, కుడిచేత్తో తిప్పి ఉంది. నువ్వు అలా వెయ్యవు. చచ్చినా వెయ్యవు. ఐసాయన పాత బిళ్ళని ఎలాగో ఊడదీసి కొత్త తీగకి ఎక్కించాడనుకున్నా. అడిగితే తల్లిమీద ఒట్టు, తండ్రిమీద ఒట్టు అన్నాడు. ఆయన మాట ఎవడు నమ్ముతాడు? విప్పితే నా మీదే పడుతుందని నేను లోపల చూడలేదు. ఇవాళో రేపో నీ కంటబడుతుంది, నేను చేరాకే ఇలా అయిందంటారు, నీ చేత్తో నువ్వే రాయాల్సొస్తుంది అని భయమేసింది. నీలాగే వేసేస్తే నీకు తెలియదనుకున్నా." ఆయన వేలి వంక చూసింది. "వేలు తెగిందని ఒక్క మాట చెబితే ఏం పోయేది నాన్నా?"

నాన్నా అంది. గేటు లోపల ఆ మాట అనడం అదే మొదలు.

"కంగారుపడతావని" అన్నాడు ఆయన. ఆ మాట ఆయనకే ఎంత చిన్నగా వినపడిందో. "అయినా నువ్వు నన్నో మాట అడగాల్సింది కదే. సీలు వంకరగా ఉందేంటి నాన్నా అని అడిగితే చెప్పేవాణ్ణి కదా."

"అది నువ్వు వేసింది కాకపోతే? నేను అడిగాక, నువ్వు రాయకుండా ఊరుకునేవాడివా?"

షెడ్డు మధ్యలో నిలబడి తనన్న మాటా, జనం కొట్టిన చప్పట్లూ, వాటిలో ఈ పిల్ల చప్పట్లూ ఆయనకి గుర్తొచ్చాయి. రాసేవాడే. ఆమె నోట్లో మాట పూర్తవకముందే కలం తీసేవాడు.

బుల్లి ఆయన ఎడమచెయ్యి ఒళ్ళోకి లాక్కుని, మచ్చ మీద బొటనవేలితో రాస్తూ, "నాలుగు కుట్లా, ఐదా?" అని అడిగింది.

"నాలుగు" అన్నాడు బాబాయి, ఏడుస్తూ.